అంజలిలోని శఫరి – ఒక అర్చకుని ప్రాయశ్చిత్తం



మూసీ నది కృష్ణవేణిలో లీనమయ్యే చోట, మిర్యాలగూడకు సమీపంలో వాడపల్లి క్షేత్రం ఉన్నది. అక్కడ స్వామిని మీనాక్షీ అగస్త్యేశ్వరుడని పిలుస్తారు. స్వామి నామానికి ముందే అమ్మవారి నామం. ఆ నామానికి మా గురువులు రెండు విధాలుగా అర్థం చెప్పేవారు. చేప వంటి విశాలమైన కన్నులు గలది అనేది మొదటి అర్థం. రెండవది అంతకంటె లోతైనది. పక్షి తన గుడ్లను స్పర్శతో పొదుగుతుంది, తాబేలు స్మరణతో పొదుగుతుంది, చేప కేవలం చూపుతో పొదుగుతుంది అని సంప్రదాయం. గురువు శిష్యునికి అనుగ్రహించే స్పర్శ, స్మరణ, దృష్టి దీక్షలకు ఈ మూడూ ఉపమానాలు. చూపుతోనే బిడ్డలను పెంచే తల్లి మీనాక్షి.

ఈ వివరణను నేను వందలసార్లు భక్తులకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ వారు తలలూపారు, నేనూ తృప్తి పడ్డాను. అయితే చేప తన పిల్లలను ఎట్లా చూసుకుంటుందో నా కన్నులతో నేను ఏనాడూ చూడలేదు. ఆ చూడకపోవడంలోనే నా దోషానికి బీజం ఉన్నదని చాలా ఆలస్యంగా తెలిసింది.

ముప్పది సంవత్సరాలుగా సూర్యాపేటకు, మిర్యాలగూడకు నడుమ మూసీ తీరాన ఒక చిన్న శివాలయంలో అర్చకత్వం నిర్వహిస్తున్నాను. ఈ వ్యాసం పాండిత్య ప్రకటన కోసం కాదు. తెలియక చేసిన ఒక అపచారాన్ని ఆస్తిక మహాశయుల ఎదుట నివేదించుకోవడానికి వ్రాస్తున్నాను. దాచిన దోషం వృద్ధి పొందుతుంది, చెప్పుకొన్న దోషం క్షీణిస్తుంది అని కదా ధర్మశాస్త్రం!

పేరు తెలియని పరివారం

మా తండ్రిగారు సంకల్పంలో మూసీని ముచుకుందా నది అనే చెప్పేవారు. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలలో పుట్టి, భాగ్యనగరం మీదుగా ప్రవహించి, సూర్యాపేట సమీపాన సోలిపేట జలాశయాన్ని నింపి, అక్కడి నుండి ఆగ్నేయంగా వచ్చి వాడపల్లిలో కృష్ణలో కలిసే నది ఇది. నా బాల్యంలో దాని నీరు నేటంత మలినం కాలేదు. వేకువన తండ్రిగారి ప్రక్కన మోకాలిలోతు నీటిలో నిలిచి అర్ఘ్యం ఇస్తూ ఉంటే చిన్న చిన్న చేపలు వచ్చి పాదాలను పొడిచేవి. కదిలితే సంధ్యకు భంగం, కదలకపోతే చక్కిలిగింత. తండ్రిగారు కన్నులు తెరవకుండానే, "నాయనా, అవి మత్స్యమూర్తి పరివారం. వాటి పని వాటిని చేసుకోనీ" అనేవారు.

ఆ పరివారంలోని ఒక్కదాని పేరైనా నాకు తెలియదు. మత్స్యాన్ని ఆహారంగా ఎరుగని ఇంట పుట్టినవాణ్ణి. మాకు అన్నీ చేపలే. తినని వానికి పేరుతో పని లేదు. పేరు తెలియని వానికి భేదం తెలియదు. భేదం తెలియని వాని దయ ఎటు పోతుందో వానికే తెలియదు.

చిత్రమేమంటే, వాటి పేర్లన్నీ పదేండ్ల వయస్సులోనే నాకు కంఠస్థం. గురుకులంలో అమరకోశం వల్లించాము. మొదటి కాండలోని వారివర్గంలో పాఠీనం, శఫరి, రోహితం, మద్గురం, శకులం అని మత్స్యనామాలు వరుసగా వస్తాయి. తప్పు లేకుండా అప్పజెప్పి గురువుగారి మెప్పు పొందాను. ఆ శబ్దాలు నా నాలుకపై నలుబది సంవత్సరాలు నివసించాయి. వాటి అర్థాలు మాత్రం మా ఘట్టం ముందే ఈదుతూ పోయాయి.

మన పూర్వులు ఇంత ఉపేక్షతో లేరు. చరకమహర్షి ఆహారద్రవ్యాలను విచారిస్తూ మత్స్యాలలో రోహితం శ్రేష్ఠమని నిర్ణయించాడు. పండ్రెండవ శతాబ్దంలో కల్యాణి రాజధానిగా తెలంగాణ సీమను కూడా పాలించిన చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో మత్స్యవినోదమనే భాగమే వ్రాశాడు. ఏ చేప నదిలో ఉంటుంది, ఏది సముద్రం నుండి నదిలోకి వస్తుంది, దేనికి పొలుసు ఉంటుంది, దేనికి ఉండదు, ఏది ఏ మేత తింటుంది అని విభజించి చెప్పాడు. అంతకు ఎంతో ముందు అశోకుడు తన అయిదవ స్తంభశాసనంలో చంపరాని ప్రాణుల పట్టికలో కొన్ని మత్స్యాలను పేర్లతో పేర్కొన్నాడు. చాతుర్మాస్య పూర్ణిమలలోనూ, మరికొన్ని పర్వదినాలలోనూ చేపలను పట్టరాదు, అమ్మరాదు అని ఆజ్ఞాపించాడు. రక్షించదలచిన వాడు మొదట పేరు పెట్టి పిలిచాడని గమనించండి.

మత్స్యవిమోచనం

ఇక నా దోషం. మా ఆలయం ముందు నాలుగు వైపులా రాతిమెట్లు గల పాత కోనేరు ఒకటి ఉన్నది. వర్షకాలంలో నిండితే అలుగు పారి ఆ నీరు వాగులో, వాగు మూసీలో కలుస్తుంది. ఎనిమిది సంవత్సరాల క్రితం ఒక భక్తుడు తన కుమారుని అనారోగ్యానికి శాంతి అడిగాడు. జపం, అభిషేకం చెప్పి, చివర ఒక మాట చేర్చాను. "మృత్యుముఖంలో ఉన్న ప్రాణిని విడిపించిన వానికి మృత్యుభయం తొలగుతుంది. అంగడిలో ప్రాణంతో అమ్మే చేపలను కొని కోనేటిలో వదలండి" అన్నాను. ఆయన అట్లాగే చేశాడు. బాలునికి స్వస్థత చిక్కింది. మాట ఊళ్లకు పాకింది. సూర్యాపేట నుండి, కోదాడ నుండి, మిర్యాలగూడ నుండి కూడా జనులు బకెట్లలో, సంచులలో చేపలను తెచ్చేవారు. నేను పాత్రపై అక్షతలు వేసి, మత్స్యావతార స్మరణ చేయించి, నీటిలో వదిలించేవాణ్ణి. ఏ చేప అని ఒక్కనాడూ అడగలేదు. ప్రాణి అయితే చాలు అనుకున్నాను. ఇండ్లలో గాజుతొట్టెలో పెంచి విసిగినవారు కూడా తెచ్చి వదిలిపోయేవారు. దానిని కూడా పుణ్యమే అనుకున్నాను.

నాలుగు సంవత్సరాలు గడిచేసరికి కోనేటిలో ఒక మార్పు కనిపించింది. నైవేద్యం తరువాత మెట్లపై మెతుకులు విడిస్తే గుంపులుగా వచ్చే వెండిరంగు చిన్నచేపలు రావడం మానివేశాయి. తలపై వెండిచుక్క మెరుస్తూ నీటి పైపొరలో తిరిగే బుల్లిచేపలు పూర్తిగా మాయమయ్యాయి. వాటి స్థానంలో దోమపిల్లలు పెరిగాయి. ఒక సాయంసంధ్యలో కలశం ముంచబోతుండగా నీటిలో నుండి మీసాలతో ఒక నల్లని వెడల్పాటి తల పైకి వచ్చి, గాలి మ్రింగి, మునిగిపోయింది. భయంతో కలశం జారవిడిచాను.

కోదాడలో జంతుశాస్త్రం బోధించే మా మేనల్లుడు పండుగకు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. అతడు మెట్లపై గంటసేపు కూర్చుని చూశాడు. తరువాత నదిపై వలవేసే గంగపుత్రుల పెద్ద ఒకరిని పిలిపించమన్నాడు. ఆయనను పిలవడానికి నాకు ముఖం చెల్లలేదు. ఒకప్పుడు ఆయన మా ఘట్టంలో వల కడుగుతుంటే అపవిత్రమని గట్టిగా మందలించినవాణ్ణి నేనే. అయినా కబురు చేయగానే వచ్చాడు. చెప్పులు దూరంగా విడిచి, చేతులు జోడించి నిలిచాడు. ఒక్కసారి వల విసిరి లాగాడు.

"అయ్యగారూ, గిది మన మార్పు గాదు" అన్నాడు, మూరెడు పొడవున్న ఆ నల్లచేపను చూపి. "దీని తల జూడుండ్రి, ఎంతుందో. మన మార్పు గింత పెరగది. గిది దొరికినదల్ల మింగుతది. గివి జిలేబీలు. ఒక్క జత ఇడిస్తె చెరువంత అయితయి. గీ మచ్చలది గాజుతొట్టెల పెంచెటిది, మేం దెయ్యపు చేప అంటం. మన పరకలేవి? మన ఇంగిలాయి ఏది? ఎవరిడిసిండ్రు అయ్యగారూ గివన్ని?"

"నేనే వదిలించాను పెద్దయ్యా" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. వలలోని చేపల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ మౌనం కంటె మందలింపు తేలికగా ఉండేది.

నది చెప్పిన పాఠం

ఆ తరువాత కొన్ని నెలలు ఆ వృద్ధుడూ, మా మేనల్లుడూ నాకు గురువులయ్యారు. ఏబది ఏండ్లు దాటిన తరువాత అమరకోశానికి అర్థం నేర్చుకొన్నాను.

వృద్ధుడు ఒకనాడు వాలుగచేప నోరు తెరచి చూపాడు. దవడల నిండా సన్నని పండ్లు, లెక్కకు అందనన్ని. పాఠీనానికి అమరసింహుడు సహస్రదంష్ట్ర అని పర్యాయపదం ఎందుకు చెప్పాడో ఆ క్షణంలో తెలిసి ఒళ్ళు జలదరించింది. మా పాదాలను పొడిచిన పరకలే శఫరులు. మద్గురమే మన మార్పు. శకులమే కొరమీను, నేడు తెలంగాణ రాష్ట్ర మత్స్యంగా గౌరవం పొందుతున్నది. నీరు ఇంకి బురద అయినా గాలి పీల్చి బ్రతుకుతుంది. శ్రావణంలో ఆయన నన్ను ఒక కుంట గట్టుకు తీసుకొనిపోయి, నీటిపై ఎర్రని చుక్కల గుంపు ఒకటి కదులుతుంటే చూపాడు. అవి కొరమీను పిల్లలు. వాటి క్రింద నీడవలె తల్లిదండ్రులు తిరుగుతున్నాయి. కప్ప దగ్గరకు వస్తే నీరు చిమ్మి తరిమాయి. పిల్లలకు ఈత, వేట వచ్చేదాకా అవి ఆ గుంపును విడువవట. మీనాక్షీ నామానికి నేను చెప్పుకొన్న అర్థం ఆనాడు నా కంటి ముందు ఈదింది. చూపుతో పొదగడమంటే దృష్టి మరల్చకుండా కాచుకొనడమని గ్రహించాను.

మేనల్లుడు నది మొత్తాన్ని విప్పి చెప్పాడు. మహాబలేశ్వరంలో పుట్టి సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించే కృష్ణ, దాని ఉపనదులు కలిసి వందకు పైగా మత్స్యజాతులకు ఆశ్రయం. ప్రతిదానికీ నియతమైన స్థానం, వృత్తి ఉన్నవి. బొచ్చె నీటి పైపొరలో సూక్ష్మజీవులను జల్లించి తింటుంది. రోహితం నడిమి పొరలో, మోసు అడుగున మేస్తాయి. బొమ్మిడాయి రాళ్ళ సందులలో, ఇసుకలో దాగి ఉంటుంది. వాలుగ వేటాడి, బలహీనమైన వాటిని తొలగిస్తుంది. చిన్నచేపలు దోమపిల్లలను తిని నీటిని కాపాడుతాయి, పెద్దవాటికి ఆహారమై నదిని పోషిస్తాయి. సముద్రంలో పుట్టి, నదిలో ఎదురీది పెరిగి, సంతానం కోసం మరల సముద్రానికే పోయే మలుగుపాము వంటివీ ఉన్నాయి. వింటుంటే నాకు యజ్ఞశాల స్ఫురించింది. హోత, అధ్వర్యువు, ఉద్గాత, బ్రహ్మ ఎవరి స్థానంలో వారుంటేనే క్రతువు సాగుతుంది. ఒకరి ఆసనంలో మరొకరు కూర్చుంటే మంత్రం ఎంత శుద్ధమైనా యజ్ఞం చెడుతుంది.

నేను వదిలించినవి అట్లా ఆసనం ఆక్రమించినవి. జిలేబీ చేప ఆఫ్రికా ఖండానిది, 1952లో మన దేశానికి తెచ్చారు. తల్లి గుడ్లను నోటిలో పెట్టుకొని పొదిగేంత మమకారం గలది. దాని మమకారమే ఇక్కడి వాటికి మృత్యువయింది, ఎందుకంటే ఎన్ని పుడితే అన్నీ బ్రతుకుతాయి. ఆ నల్లని పెద్దచేప కూడా ఆఫ్రికాదే. దాని పెంపకాన్ని 2000 సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది, అయినా రహస్యంగా పెంచి అంగళ్లలో దేశవాళీ మార్పు అని అమ్ముతూనే ఉన్నారు. దెయ్యపు చేప దక్షిణ అమెరికా నుండి అలంకారం కోసం వచ్చింది. వీటిలో ఏ ప్రాణిదీ దోషం కాదు. వాటి జన్మభూమిలో అవీ ఆసనం గలవే. అస్థానంలో ఉంచిన చేయి దోషి.

ధర్మసంకటం

వృద్ధుడు ఒక మాట స్పష్టంగా చెప్పాడు. వచ్చే వానలకు అలుగు పారితే ఇవన్నీ వాగులోకి, మూసీలోకి పోతాయి, అక్కడి నుండి సంగమానికి. ఇప్పుడే కోనేరు ఎండగట్టి ఏరివేయాలి. ఏరిన వాటిని ఏం చేయాలి? మరొక చెరువులో వదిలితే సరిపోదా అని అడిగాను. "మామయ్యా, అప్పుడు దోషం పోదు, ఊరు మారుతుంది అంతే" అన్నాడు మేనల్లుడు.

అంటే ప్రాణదానమని నేను అక్షతలు వేసి వదిలిన ప్రాణులను నేనే చంపించాలి. మూడు రాత్రులు నిద్ర లేదు. అభయం ఇచ్చి మాట తప్పడం ఎంతటి పాపమో శిబిచక్రవర్తి కథ చెప్పే నోరు ఇది. చంపించకపోతే, కాల్వలకూ చెరువులకూ నదికీ చెందిన అసంఖ్యాకమైన స్వదేశీ మత్స్యసంతతికి మృత్యువును నేనే పంపినవాణ్ణి. ఏ శాస్త్రం తెరచినా అహింస గొప్పదనే ఉన్నది. రెండు హింసల నడుమ చిక్కిన వానికి దారి ఎక్కడ?

వాడపల్లి స్థలపురాణం గుర్తుకు వచ్చింది. బోయవాడు తరుముతుంటే ఒక పక్షి స్వామిని శరణు వేడింది. స్వామి దానికి అభయమిచ్చాడు. బోయవాడు, "నా ఆకలి సంగతి ఏమిటి?" అని అడిగాడు. స్వామి వానిని నిందించలేదు. తన శిరస్సు నుండి మాంసం తీసుకొమ్మన్నాడు. వాని పది వ్రేళ్ళ గుర్తులు లింగంపై ఉన్నాయనీ, ఆ గాయాన్ని కడగడానికి గంగ వచ్చిందనీ, అందుకే లింగశిరస్సుపై గుంటలో నీరు ఉంటుందనీ చెబుతారు. పక్షినీ విడువలేదు, వేటగాని ఆకలినీ తిరస్కరించలేదు. ధర్మం కోరిన మూల్యాన్ని తన దేహం నుండి చెల్లించాడు.

అనుశాసన పర్వంలో భీష్ముడు చెప్పిన చ్యవనోపాఖ్యానమూ స్మరణకు వచ్చింది. గంగాయమునల సంగమంలో జలవాసదీక్ష పూనిన చ్యవనుడు చేపలతో కలిసి పండ్రెండు సంవత్సరాలు నీటిలోనే ఉన్నాడు. ఒకనాడు నిషాదుల వలలో చేపలతో పాటు తానూ చిక్కి ఒడ్డుకు వచ్చాడు. వారు భయపడి క్షమాపణ వేడితే, "చేపలతో సహవాసం చేశాను, వాటిని విడిచి నేను పోను. బ్రతికినా, చచ్చినా వాటితోనే" అన్న భావంతో పలికాడు. నహుషుడు వచ్చి రాజ్యమంతా ఇస్తానన్నా ఆ మూల్యం చాలదన్నాడు. చివరకు ఒక గోవు మూల్యంగా నిర్ణయమయింది. ఆయన అనుగ్రహంతో ఆ చేపలూ స్వర్గానికి పోయాయి, ఆ నిషాదులూ పోయారు. ఎన్నోసార్లు పారాయణం చేసిన ఈ కథలో నిషాదులకు కూడా స్వర్గం ఉన్నదనే విషయంపై నా దృష్టి ఏనాడూ నిలువలేదు. వల పట్టిన చేతిని వ్యాసుడు పాపిష్ఠి అనలేదు. ఆ వ్యాసుని తల్లి మత్స్యగంధి దాశరాజు ఇంట పెరిగినదే కదా!

వైశాఖంలో ఒక ఉదయం కోనేటికి మోటారు పెట్టారు. గంగపుత్రులు ఆరుగురు వచ్చారు. నీరు తగ్గుతుండగా వృద్ధుడు నా దగ్గరకు వచ్చి, "మీరు లోపటికి పోండ్రి అయ్యగారూ. పానం దీసే పాపం మాది. మాకు అలవాటే" అన్నాడు.

అలవాటే అన్న ఆ మాట గుండెలో గ్రుచ్చుకొన్నది. మా చేతులకు మట్టి అంటకుండా ఎన్ని తరాల పాటు వారు ఈ భారాన్ని మోశారో, మోస్తున్న వారినే ఘట్టం మెట్లు దిగవద్దని మేము ఎన్నిసార్లు అన్నామో తలపునకు వచ్చింది. "లేదు పెద్దయ్యా. వదిలిన వాణ్ణి నేను. చూడవలసిన వాణ్ణీ నేనే" అని మెట్టుపై కూర్చున్నాను. సాయంత్రం వరకు లేవలేదు. పెద్ద నల్లచేపలు పదకొండు, దెయ్యపు చేపలు నాలుగు, జిలేబీలు గంపలకొద్దీ. కొరమీనులు ఏడు, ఇంగిలాయిలు మూడు మాత్రం మిగిలాయి. వాటిని గంగాళాలలో నీరు పోసి దాచాము. పరక ఒక్కటీ లేదు.

ఋగ్వేదం ఎనిమిదవ మండలంలో 67వ సూక్తం ఉన్నది. అది ఆదిత్యులను ఉద్దేశించిన ప్రార్థన. దానికి ద్రష్టలుగా అనుక్రమణిక చెప్పిన పేర్లలో వలలో చిక్కిన మత్స్యాలు కూడా ఉన్నాయి. వలలో కొట్టుకొంటున్న చేపలు మంత్రద్రష్టలు! ఋషి అంటే మనుష్యుడే కానవసరం లేదని వేదసంప్రదాయం అంత స్పష్టంగా చెప్పింది. ఆ సూక్తాన్ని ఆనాడు మెల్లగా పఠిస్తూ కూర్చున్నాను. అది వాటి విడుదల కోసమా, నా విడుదల కోసమా అని ఇప్పటికీ నిశ్చయంగా చెప్పలేను. తరువాత ప్రాయశ్చిత్తంగా ఉపవాసాలు చేశాను. అవి నా మనస్సును కొంత శుభ్రపరచాయి. చచ్చిన చేపలకు మాత్రం వాటివలన ఏమీ ఒరగలేదని నాకు తెలుసు.

కోనేరు దాటి చూస్తే

నా కోనేరు చిన్నది, నది పెద్దది. అయినా అక్కడ జరిగినది ఇక్కడి కథకు విస్తరణే. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరం ఎడమకాల్వ మిర్యాలగూడ, కోదాడ సీమలను అన్నపూర్ణగా చేసింది. ఆ అన్నమే నేనూ తింటున్నాను, నిందించలేను. అయితే ఆనకట్టలు వరుసగా లేచిన నదిలో ఎదురీదే చేపకు దారి మూసుకొన్నదనే సత్యాన్ని కూడా మరువలేను. భాగ్యనగరపు మురుగు మూసీలో చేరి, వేసవి చివర తొలివాన పడినప్పుడు నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు తెల్లగా తేలడం మా తీరవాసులు ఎరిగినదే.

1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు పెంపుడు జాతి చేపల చేత కృత్రిమంగా గుడ్లు పెట్టించడంలో సఫలుడయ్యాడు. ఆ రోజును నేడు దేశమంతటా మత్స్యరైతుల దినంగా జరుపుకొంటున్నారు. ఆ విద్య వలన మన చెరువులన్నింటిలో ఏటేటా చేపపిల్లలను వదులుతున్నారు, వేల కుటుంబాలు బ్రతుకుతున్నాయి. మంచిదే. కాని వదిలేవి బొచ్చె, రోహితం వంటి కొన్ని జాతులు మాత్రమే. పరకకు, ఇంగిలాయికి, బొమ్మిడాయికి విత్తనం వేసేవారు లేరు. వాటికి నదియే తల్లి. ఆ తల్లి శుద్ధంగా ఉంటేనే అవి ఉంటాయి.

ఆశ కలిగించే దృశ్యమూ ఇదే నదీకుటుంబంలో ఉన్నది. శృంగేరిలో శారదాంబ సన్నిధిన తుంగానది ఘట్టంలో పెద్ద పెద్ద చేపలు భయం లేకుండా భక్తుల పాదాల దగ్గర తిరుగుతాయి. ఆ తుంగ తుంగభద్రగా మారి కృష్ణలోనే చేరుతుంది. అక్కడ ఎవరూ అంగడి నుండి చేపలను తెచ్చి వదలలేదు. నది ఇచ్చిన చేపలను నదిలోనే ఉండనిచ్చారు, అంతే. రక్షణ అంటే అది.

మనువు అడిగిన ప్రశ్న

శతపథ బ్రాహ్మణంలో మనువు కథను ఇప్పుడు మరొక కంటితో చదువుతున్నాను. ఉదయం చేతులు కడుక్కొనే నీటిలో మనువుకు చిన్నచేప ఒకటి చిక్కింది. తనను కాపాడమని అడిగింది. వెంటనే ఆయన తన ఇష్టం వచ్చిన చోట వేయలేదు. నిన్ను ఎట్లా కాపాడాలి అని చేపనే అడిగాడు. చేప చెప్పింది: చిన్నగా ఉన్నంతకాలం చేపను చేపయే మ్రింగుతుంది, కనుక మొదట కుండలో ఉంచు, పెరిగిన తరువాత గుంట త్రవ్వి అందులో ఉంచు, అంతకు మించి పెరిగితే సముద్రానికి చేర్చు. మనువు అట్లాగే చేశాడు. భాగవతం అష్టమ స్కంధంలో సత్యవ్రతుని అంజలిలోకి వచ్చినదీ ఒక శఫరియే. భగవంతుడు తిమింగిలమై రాలేదు, పెద్దచేపకు భయపడే పరకగా వచ్చాడు.

నేను సంవత్సరాల తరబడి చేపలను వదిలాను. నీ చోటు ఏది అని ఒక్కదానినీ అడగలేదు. వాటి తరఫున చెప్పగల వృద్ధుడు ఘట్టం పక్కనే ఉన్నా ఆయననూ అడగలేదు. దయ నాలో ఉన్నది, ప్రశ్న లేదు. ప్రశ్న లేని దయ తన పుణ్యాన్ని మాత్రమే చూసుకొంటుంది.

కాబట్టి భక్తులకు నా వినతి. ఎవరు శాంతి చెప్పినా సరే, అంగడిలో కొన్న చేపను, తాబేలును ఏ చెరువులోనూ, నదిలోనూ, కోనేటిలోనూ వదలవద్దు. గాజుతొట్టెలోని చేపను పెంచలేకపోతే పెంచగలవారికి ఇవ్వండి. నిర్మాల్యాన్ని ప్లాస్టిక్ సంచితో సహా నీటిలో విసరకండి, మట్టిలో కలపండి. మత్స్యమూర్తికి ప్రీతి చేయదలిస్తే మీ ఊరి చెరువుకు వచ్చే వాగును పూడ్చకుండా చూడండి, వానాకాలం గుడ్లు పెట్టే రోజులలో చిన్నకన్ను వలలు వేయవద్దని కోరండి, మీ ఊరి గంగపుత్రుల దగ్గర కూర్చుని చేపల పేర్లు మీ పిల్లలకు నేర్పించండి. అర్చక సోదరులకు ప్రత్యేకంగా మనవి: నావలె అక్షతలు వేసే ముందు పాత్రలో ఏమున్నదో చూడండి.

గత ఆషాఢంలో తొలివానలకు కోనేరు సగం నిండింది. దాచిన కొరమీనులను, ఇంగిలాయిలను మరల నీటిలో విడిచాము. ఒక ఉదయం వృద్ధుడు మట్టికుండతో వచ్చాడు. ఎగువ వాగులో శుద్ధమైన మడుగు నుండి పట్టిన పరకలు అందులో ఉన్నాయి. ఘట్టం దగ్గరనే ఆగి, "మీరే ఇడువుండ్రి అయ్యగారూ" అన్నాడు. "ఇద్దరం దిగుదాం పెద్దయ్యా" అని ఆయన చేయి పట్టుకొని చివరి మెట్టు వరకు దిగాను. ఆయన కుండ వంచాడు. నా అంజలిలో నీటితో పాటు ఒక చిన్న పరక పడింది. అది కదిలింది. ఈసారి నాకు దాని పేరు తెలుసు.

నెమ్మదిగా చేతులు నీటిలో ముంచి విడిచాను.

శుభం భూయాత్.